ఎవరి పళ్లెంలో ఏముంది

ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లంతా ఒకే తిండి తింటారని మనం సులువుగా అనేసుకుంటాం. పొయ్యి ఒకటే, వంట ఒకటే, గిన్నె ఒకటే. ఇక తేడా ఎక్కడుంటుంది? కానీ గిన్నెకీ పళ్లేనికీ మధ్య చాలా జరుగుతుంది. ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు వడ్డించారు, మారు అడిగే చనువు ఎవరికుంది, అడుగూబొడుగూ మిగిలినదానితో ఎవరు సరిపెట్టుకున్నారు అన్నది ఏ ఇంట్లోనూ ఎవరూ రాసిపెట్టరు. వందేళ్ల కిందట ఒక వైద్యుడు ఆ లెక్క రాయాలనుకున్నాడు. ఆ లెక్క వల్లే లక్షలమందిని పట్టి పీడించిన ఒక జబ్బు గుట్టు తెలిసింది. ఆయన కథ చదివినప్పుడల్లా, బాగా బతకడమంటే ఏమిటన్న ప్రశ్న నాకు ఉపన్యాసాల్లో కన్నా వంటింటి గుమ్మం దగ్గరే సూటిగా ఎదురవుతుంది.

ఆ జబ్బు పేరు పెలాగ్రా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అది ఊళ్లకి ఊళ్లనే పట్టుకుంది. ముంజేతుల మీద, మెడ చుట్టూ, పాదాల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం ముందు ఎర్రగా కంది, తర్వాత నల్లబడి, పొట్టు లేచేది. కుడిచేతి మీద ఎంతమేర ఉందో ఎడమచేతి మీదా అంతమేరే, గీత గీసినట్టు. నాలుక పూసేది. విరేచనాలు పట్టుకుని వదిలేవి కావు. ముదిరితే దిగులు, నిద్రలేమి, మతి చెదరడం. చాలామంది మానసిక చికిత్సాలయాల్లో తేలేవాళ్లు, కొందరు అక్కడే పోయేవాళ్లు. వసంతంలో మొదలై ఎండాకాలంలో ముదిరి, చలికాలానికి తగ్గినట్టే తగ్గి, మరుసటి ఏడు మళ్లీ వచ్చేది.

జబ్బు కొత్తదేం కాదు. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లోనే దాని లక్షణాలు రాసిపెట్టాడు. ఇటలీ పల్లెల్లో అది తరతరాలుగా ఉంది. మొక్కజొన్న తప్ప మరో తిండి ఎరగని పేదలకే వస్తుందని అక్కడివాళ్లకి తెలుసు. చెడిపోయిన మొక్కజొన్నలో ఏదో విషం ఉందని కొందరన్నారు. అమెరికాలో మాత్రం అప్పటికి గాలి మరోవైపు వీస్తోంది. క్షయకి, కలరాకి, ప్లేగుకి అప్పటికే వరసగా సూక్ష్మక్రిములు దొరికాయి. పెలాగ్రా కూడా అంటువ్యాధే, క్రిమి దొరకడమే తరువాయి అని పేరున్న వైద్యులే నమ్మారు. అంటుకుంటుందన్న భయంతో రోగుల్ని దగ్గరికి రానివ్వని చోట్లున్నాయి. ఒంటి మీద ఆ మచ్చ కనపడితే వాళ్లది దరిద్రమనీ, శుభ్రం తెలియని ఇల్లనీ లోకం అనుకునేది. జబ్బుతో పాటు సిగ్గునీ మోయాల్సి వచ్చేది.

1912లో థాంప్సన్–మెక్‌ఫాడెన్ కమిషన్ అని ఒకటి ఏర్పడింది. దక్షిణ కెరొలైనాలో స్పార్టన్‌బర్గ్ చుట్టుపక్కల బట్టల మిల్లుల ఊళ్లలో ఆ వైద్యులు గడపగడపకీ తిరిగారు. వాళ్లూ శ్రద్ధగానే లెక్కలు రాశారు. మురుగు పోయే దారి లేని, మరుగుదొడ్లు సరిగా లేని చోట పెలాగ్రా ఎక్కువగా ఉందనీ, తిండికీ జబ్బుకీ సంబంధం కనపడలేదనీ తేల్చారు. అంకెల్లో అబద్ధం లేదు. మరుగుదొడ్డి సరిగా లేని ఇల్లు పేదవాడి ఇల్లు. పేదవాడి ఇంట్లో సరిగా లేనివి ఇంకా చాలా ఉంటాయి. వాటిలో కంటికి కనపడేది మరుగుదొడ్డి, కనపడనిది పళ్లెం. వాళ్లు కనపడినదాన్ని పట్టుకున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. ఎదుటివాడి కష్టానికి కారణం వెతికేటప్పుడు మన చూపు కూడా ముందు వాడి వాకిలి శుభ్రత మీదే పడుతుంది.

1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఈ పని జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కి అప్పగించింది. ఆయన 1874లో అప్పటి హంగరీలో, ఇప్పటి స్లొవేకియాలో, ఒక పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం న్యూయార్క్ వలసపోయింది. తండ్రి అక్కడి పేదల పేటలో చిల్లర కొట్టు పెట్టుకున్నాడు. కొడుకు వైద్యం చదివి 1899లో ప్రభుత్వ కొలువులో చేరాడు. పచ్చజ్వరం, డెంగీ, టైఫస్ ఎక్కడ చెలరేగితే అక్కడికి వెళ్లి, ఆ మూడింటినీ తన ఒంటి మీదికే తెచ్చుకుని బయటపడ్డాడు. అంటువ్యాధుల్లో అంత అనుభవం ఉన్నవాడు పెలాగ్రాలో కూడా క్రిమినే చూసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మనకి బాగా తెలిసిన విద్యే మన కళ్లకి గంతలు కట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆయన విషయంలో అది జరగలేదు. ఆయన విద్య ఆయనకి ఒక ప్రశ్ననిచ్చింది. ఇది అంటుకునే జబ్బే అయితే, దగ్గర మసలేవాళ్లకి ఎందుకు అంటుకోవడం లేదు?

దక్షిణాదిలోని మానసిక చికిత్సాలయాలు, అనాథాశ్రమాలు తిరిగినప్పుడు ఆయనకి ముందు కనపడింది జబ్బుపడ్డవాళ్లు కాదు, జబ్బుపడనివాళ్లు. రోగులతో పాటు అవే వార్డుల్లో తిరుగుతూ, వాళ్లని లేపుతూ, పడుకోబెడుతూ, వాళ్ల పక్కబట్టలు మారుస్తూ ఉండే నర్సులకీ పనివాళ్లకీ పెలాగ్రా రావడం లేదు. జార్జియా రాష్ట్ర చికిత్సాలయం లెక్క ఆయన ముందుంది. ఏడాదికి పైగా అక్కడే ఉన్న 418 మంది రోగుల్లో 32 మందికి పెలాగ్రా వచ్చింది. అదే గాలి పీల్చిన 293 మంది సిబ్బందిలో ఒక్కరికీ రాలేదు. రోగులకి వచ్చిన లెక్కనే వాళ్లకీ వచ్చి ఉంటే ఇరవై మందికి పైగా పడకేయాలి. ఏ క్రిమి ఇంత మర్యాదగా ఉద్యోగి ఎవరో, రోగి ఎవరో అడిగి పట్టుకుంటుంది?

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. మేమూ ఆ వంటగదిలో వండిందే తింటున్నాం అని సిబ్బంది అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. గోల్డ్‌బర్గర్ ఆ మాట విని ఊరుకోకుండా భోజనాల వేళ దాకా ఆగి చూశాడు. వంట ఒకటే గానీ, అందులో మంచివి ముందుగా ఏరుకునే వీలు సిబ్బందికుంది. రోగికి పెట్టిందే తిండి. పైగా బయట కొనుక్కోగలిగిన చేయి సిబ్బందిది. ఒకే వంటలోంచి రెండు రకాల బతుకులు నడుస్తున్నాయి. ముందు ఏరుకునేవాడికి ఆ తేడా తెలియదు, తను ఏరుకుంటున్నట్టే తెలియదు. దాన్ని నేను కపటం అనను. సౌకర్యంగా ఉన్న ప్రతివాడికీ ఉండే మామూలు గుడ్డితనం అది. మనలో చాలామంది ఏదో ఒక చోట అలా ఏరుకునే వరసలోనే ఉన్నాం.

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో మెథడిస్టుల అనాథాశ్రమం ఒకటుండేది. 1914 జులై నాటికి అందులో 211 మంది పిల్లలు. వాళ్లలో 68 మందికి పెలాగ్రా. మొత్తం మీద చూస్తే మూడోవంతు అంటాం, అక్కడితో అయిపోతుంది. గోల్డ్‌బర్గర్ ఆ 211 మందినీ వయసుని బట్టి విడగొట్టాడు. ఆరేళ్ల లోపు వాళ్లు 25 మంది, వాళ్లలో జబ్బు ఇద్దరికి. పన్నెండేళ్లు దాటినవాళ్లు 66 మంది, జబ్బు ఒక్కరికి. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్లు 120 మంది, వాళ్లలో 65 మందికి. అందరూ ఒకే ఆశ్రమంలో ఉండే పిల్లలు. ఆ నడిమి వయసులో ఏముంది?

ఏమీ లేదు, అదే జవాబు. చంటివాళ్లని పాలు పోసి సాకుతున్నారు. పెద్దపిల్లలు పనిలోకి వచ్చేవాళ్లు కాబట్టి వాళ్లకి కాస్త మంచి తిండి, మాంసమూ అందుతోంది. మధ్యలో వాళ్లకి పాలు తాగే వయసు దాటిపోయింది, పనికొచ్చే వయసు ఇంకా రాలేదు. ఎవరికీ వాళ్లంటే కోపం లేదు. ఆశ్రమం పేదది. ఉన్న పాలు పసివాళ్లకి పోయాలి, ఉన్న మాంసం పనిచేసేవాళ్లకి పెట్టాలి. ప్రతి నిర్ణయమూ విడిగా చూస్తే సబబే. అన్నీ కలిసి ఆ నడిమి పిల్లలకి మొక్కజొన్న రొట్టె, పాకం మిగిల్చాయి.

ఈ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. జాలి పుట్టేంత చిన్నవాళ్లూ కాక, అక్కరకొచ్చేంత పెద్దవాళ్లూ కాక మధ్యలో ఉండిపోయినవాళ్లు ఆశ్రమాల్లోనే కాదు, ప్రతిచోటా ఉంటారు. ఉమ్మడి కుటుంబాల్లో రెండో సంతానం ఉంటుంది. కొలువు పోయినా ముసలితనం రాని మనిషి ఉంటాడు. పెళ్లి కాక పుట్టింట్లో ఉండిపోయిన అత్తో పిన్నో ఉంటుంది. వాళ్లకి ఎవరూ అన్యాయం చేయాలనుకోరు. వాళ్ల వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అయి ఉంటుంది, అంతే. మన దయకి ఒక వరస ఉంటుంది. ఆ వరసలో ఎవరు ఎప్పుడూ తప్పిపోతున్నారో చూడాలంటే ఆయన చేసినట్టు విడగొట్టి లెక్కపెట్టుకోవాలి. ‘మా ఇంట్లో అందరూ సుఖంగానే ఉన్నారు’ అన్న మాటలో ఆ వివరం కనపడదు.

ఆ 1914లోనే గోల్డ్‌బర్గర్ అనాథాశ్రమాల్లో తిండి మార్పించాడు. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడుజాతి గింజలు ఇప్పించాడు. మురుగునీ మరుగుదొడ్లనీ ముట్టుకోలేదు. తర్వాతి వసంతానికి పాత రోగుల్లో జబ్బు దాదాపు తిరగబెట్టలేదు. జార్జియా చికిత్సాలయంలోనూ అంతే.

అయినా వైద్యలోకం నమ్మలేదు. అప్పుడాయన రెండు పనులు చేశాడు. ఒకటి 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు వ్యవసాయ క్షేత్రంలో. గవర్నర్ ఎర్ల్ బ్రూవర్ క్షమాభిక్ష మాటిచ్చిన మీదట ఖైదీలు కొందరు ముందుకొచ్చారు. వాళ్లకి నెలల తరబడి దక్షిణాది పేదల తిండే పెట్టారు: మొక్కజొన్న, తెల్ల పిండి, బియ్యం, చిలగడదుంప, పాకం. పాలూ మాంసమూ లేవు. పదకొండు మందిలో ఆరుగురికి పెలాగ్రా వచ్చింది. శాస్త్రానికి అది పెద్ద రుజువు. నాకు మాత్రం అది మింగుడుపడదు. విడుదల ఎరగా చూపి అడిగినప్పుడు ఖైదీ ‘సరే’ అనడాన్ని ఒప్పుకోలు అనలేం. పేదల బాధకి కారణం వెతకడానికి కూడా మళ్లీ చేతిలో ఏమీ లేనివాళ్ల శరీరాలే కావాల్సి వచ్చాయి. గోల్డ్‌బర్గర్ మీద నాకున్న గౌరవం ఈ మాట అనడానికి అడ్డు రాకూడదు.

రెండో పనికి ఆయన తన ఒంటినే ఇచ్చాడు. 1916లో ఆయన, ఆయన సహచరుడు జార్జ్ వీలర్, మరికొందరు రోగుల రక్తం ఎక్కించుకున్నారు. రోగుల చర్మం పొట్టునీ మలమూత్రాల్నీ పిండిలో కలిపి మింగారు. ఆయన భార్య మేరీ కూడా పట్టుబట్టి రోగి రక్తం సూదితో వేయించుకుంది. అప్పటికి ఆమె పిల్లల తల్లి. భర్త లెక్క తప్పయితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మొత్తం పదహారు మందిలో ఒక్కరికీ పెలాగ్రా రాలేదు. ఒకరి మాట మీద అంత నమ్మకం ఉండటం ఎలాంటిదో నేను ఊహించలేను. ఆ నమ్మకం ఉత్త ప్రేమ వల్ల వచ్చింది కాదనుకుంటాను. ఆయన ఎంత జాగ్రత్తగా లెక్క రాస్తాడో రోజూ చూసిన మనిషి ఆమె.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ ఏడాదే మొదలైన మరో పని. అందులో సాహసం ఏమీ లేదు. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తని తోడు తీసుకుని ఆయన దక్షిణ కెరొలైనాలో ఏడు మిల్లు ఊళ్లు ఎంచుకున్నాడు. మరుసటి ఏడాదికి అవి ఇరవై నాలుగయ్యాయి. బృందంలోని వాళ్లు రెండు వారాలకోసారి ప్రతి ఇంటి తలుపూ తట్టి, ఎవరి చేతుల మీదైనా రెండు వైపులా ఒకే తీరుగా మచ్చ వచ్చిందా అని చూసేవాళ్లు. ఇంట్లో ఎవరు ఎంత సంపాదిస్తున్నారో రాసుకునేవాళ్లు. ఎంతమంది తినేవాళ్లున్నారు, వాళ్లలో పెద్దలెందరు, పిల్లలెందరు అన్నది లెక్కగట్టి ఆ సంపాదనని అలా పంచి చూసేవాళ్లు. తిండి మాటకొస్తే, వసంతం చివర, జబ్బు ముదరబోయే వేళ, పదిహేను రోజులపాటు ఆ ఇంట్లోకి ఏమేం వచ్చాయో పట్టీ తీసేవాళ్లు. మిల్లు కొట్టులో ఖాతా పుస్తకం, సంతలో కొన్నది, పెరట్లో కోసింది, ఆవు ఇచ్చింది, అన్నీ. చిల్లర కొట్టువాడి కొడుకు ఆ ఖాతా పుస్తకాలు తిరగేస్తున్న దృశ్యం నాకు ఇష్టం. ఎవరింటికి ఏం వెళ్తుందో, నెలాఖరుకి ఏది ఆగిపోతుందో, అప్పు పెరిగిన ఇల్లు ముందు దేన్ని మానుకుంటుందో కొట్లో పెరిగినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మునుపటి థాంప్సన్–మెక్‌ఫాడెన్ కమిషన్ వాళ్లూ తిండి గురించి అడిగారు. మీరు పాలు తాగుతారా, మాంసం తింటారా, రోజూనా, అలవాటుగానా, ఎప్పుడైనానా అని. అలా అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? తమకి తాము చెప్పుకునే జవాబే చెప్తారు. పాలు తాగే ఇల్లు అనిపించుకోవాలని ఎవరికి ఉండదు? అదీ కాక, వేసవిలో కూరగాయలు, శీతాకాలం మొదట్లో పందిమాంసం ఆ ఇళ్లలోనూ కనపడేవి. ఏడాది మొత్తం సగటు చూస్తే ఫరవాలేదనిపించేది. మాఘ ఫాల్గుణాల్లాంటి ఆ ఖాళీ నెలల్లో ఇంట్లోకి పిండి, పాకం, ఉప్పేసిన పందికొవ్వు తప్ప మరేమీ రాని సంగతి సగటులో కొట్టుకుపోయింది. గోల్డ్‌బర్గర్ బృందం అలవాటు గురించి అడగలేదు. ఈ పదిహేను రోజుల్లో ఏం వచ్చిందో చూపించమంది.

ఈ తేడా నన్ను వదలదు. నా గురించి నాకు ఎన్నో మంచి అభిప్రాయాలున్నాయి. నేను పుస్తకాలు చదువుతాను, స్నేహితుల్ని పలకరిస్తాను, పెద్దవాళ్ల బాగోగులు చూస్తాను, నడకకి వెళ్తాను. ఎవరడిగినా ఇవే చెప్తాను, అబద్ధం చెప్తున్నట్టు కూడా అనిపించదు. కానీ గడిచిన పదిహేను రోజుల పద్దు తీయమంటే ఏముంటుంది అందులో? ఎన్ని పేజీలు, ఎన్ని పలకరింపులు? మన బతుకు మన అలవాట్ల జాబితాలో లేదు, ఆ పదిహేను రోజుల్లో ఉంది. ఆ పద్దు రాసుకోవడం తనని తాను శిక్షించుకోవడానికి కాదు. ఆ మిల్లు ఊళ్ల ఇళ్లని కూడా వాళ్లు నిందించడానికి రాయలేదు. ఏ నెలలో ఏది అడుగంటుతోందో తెలిస్తేనే కదా, దాన్ని నింపుకునేది.

లెక్కలు ఏం చెప్పాయంటే, ఆదాయం పెరిగే కొద్దీ పెలాగ్రా తగ్గిపోయింది, మెట్టుమెట్టుగా. పాలు, తాజా మాంసం వచ్చే ఇళ్లలో అరుదు. కానీ అంతా డబ్బే కాదని కూడా తేలింది. కూలిడబ్బులు ఇంచుమించు ఒక్కలాగే ఉన్న రెండు ఊళ్లలో ఒకదాన్ని పెలాగ్రా పీల్చిపిప్పిచేస్తే, మరోదాంట్లో జాడే లేదు. జబ్బు లేని ఊరి చుట్టూ రైతులు పాలు, కూరగాయలు, మాంసం తెచ్చి ఏడాది పొడుగునా అమ్మేవాళ్లు. జబ్బున్న ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి. గడప దాకా పత్తి వేసిన నేలలో తినడానికి ఆకు దొరకదు. చేతిలో నాలుగు డబ్బులున్నా కొనడానికి పాలు లేవు.

ఇంకో సంగతి కూడా ఆ పట్టీల్లో ఉంది. ఇరవై దాటి నలభై అయిదు లోపు వయసులో ఆడవాళ్లకి జబ్బు బాగా ఎక్కువ, అదే వయసు మగవాళ్లకి చాలా తక్కువ. ఒకే ఇల్లు, ఒకే పట్టీ. ఇంట్లోకి వచ్చిన కాసిని పాలు పిల్లలకి పోసి, ఉన్న మాంసం ముక్క మిల్లుకెళ్లే మగవాడికి వేసి, తల్లి రొట్టెముక్క పాకంలో అద్దుకుని లేచేది. ఈ మాట తెలుగువాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆఖరున తినే తల్లిని చూడని ఇల్లు మనలో ఎక్కడుంది? ‘నాకు ఆకలిగా లేదు, మీరు తినండి’ అన్న మాటని మనం ప్రేమగా గుర్తుపెట్టుకుంటాం, కథల్లో పొగుడుతాం. ఆ ప్రేమ నిజమే. ఆ మాట ఆమె ఒంటి మీద ఏం చేస్తుందో ఆ మిల్లు ఊళ్లలో రాసిన పట్టీల్లో ఉంది. త్యాగాన్ని పొగిడే ముందు దాని పద్దు కూడా చూడటం మన ధర్మం అనుకుంటాను.

1921లో పత్తి ధర పడిపోయింది. పేదల ఇళ్లలో పాలు మానేస్తారు, పెలాగ్రా పెరుగుతుంది అని ప్రజారోగ్య శాఖ ముందే హెచ్చరించింది. అధ్యక్షుడు హార్డింగ్ సాయం గురించి మాట్లాడాడు. దక్షిణాది నాయకులకి కోపం వచ్చింది. మా దగ్గర కరవేమీ లేదు, మీ జాలి మాకక్కర్లేదు అన్నారు. ఊరి పరువు నిలబడింది, లోపల ఆకలి అలాగే ఉంది. పరువు కోసం బాధని దాచే ఇళ్లనీ ఊళ్లనీ మనమూ ఎరుగుదుం.

1927లో మిసిసిపీ నదికి పెద్ద వరదలొచ్చాయి. పంటలు, పశువులు కొట్టుకుపోయాయి. గోల్డ్‌బర్గర్, సైడెన్‌స్ట్రికర్ మళ్లీ ఆ ప్రాంతాలు తిరిగారు. మూలకారణం ఏమిటో వాళ్లకి అప్పటికి బాగా తెలుసు. నేల తనది కాని కౌలుదారు భూస్వామి చెప్పిన పత్తే వేయాలి. పంట చేతికి రాకముందే కొట్లో అప్పు. ఆవుని మేపడానికి జాగా లేదు. అది ఒక వైద్యుడు మార్చగలిగేది కాదు. ఆయన చేతిలో ఉన్నది బీరు తయారీలో వాడే ఈస్ట్. చవకైనది, రోజుకి కొంచెం తింటే పెలాగ్రా తగ్గుతుందని అప్పటికే చూశాడు. రెడ్‌క్రాస్ చేత దాన్ని ఇంటింటికీ పంచిపెట్టించాడు. మూలం మారకుండా ఈస్ట్ పంచడం కంటితుడుపు కదా అని ఎవరైనా అనొచ్చు. నేను అనను. కారణం ఇదీ అని గట్టిగా చెప్తూనే, అది మారేదాకా పిడికెడు ఈస్ట్ చేతిలో పెట్టడం ఆయనకి రెండు వేర్వేరు పనులుగా తోచలేదు. పెద్ద మార్పు రావాలని కోరుకునేవాళ్లలో కొందరు ఈ రోజు చేయగలిగిన చిన్న సాయాన్ని చులకన చేస్తారు. చిన్న సాయం చేసేవాళ్లలో కొందరు పెద్ద మాట ఎత్తరు. రెండూ ఒక్క మనిషిలో ఉండటం అరుదు.

1929 జనవరిలో, యాభై నాలుగేళ్ల వయసులో, ఆయన కాన్సర్‌తో పోయాడు. తిండిలో లోపించేది ఏదో ఉందని తెలుసు గానీ అదేమిటో ఆయనకి దొరకలేదు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వేజెమ్ అది నికోటినిక్ ఆమ్లం అని కనిపెట్టాడు. ఇప్పుడు నయాసిన్ అంటున్నాం. పేరు తెలియకముందే అది ఏ పళ్లెంలో ఉందో, ఏ పళ్లెంలో లేదో చెప్పగలిగాడు గోల్డ్‌బర్గర్. మరో ముచ్చట. మెక్సికో రైతులు అనాదిగా మొక్కజొన్నే తింటున్నారు, పెలాగ్రా దాదాపు ఎరగరు. వాళ్లు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారు, దాంతో అందులో బందీగా ఉన్న నయాసిన్ ఒంటికి అందుతుంది. మొక్కజొన్నని సముద్రాలు దాటించినవాళ్లు గింజని తీసుకెళ్లారు గానీ, దాన్ని వండే ఆడవాళ్లని అడగలేదు.

ఈ కథలో మన హైదరాబాదుకి కూడా చోటుంది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల 1950ల చివర్లో హైదరాబాదుకి తరలివచ్చింది. అదే తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. అప్పట్లో ఇక్కడి ఆసుపత్రుల్లో పెలాగ్రా రోగులు కనపడేవాళ్లు, కానీ వాళ్లు మొక్కజొన్న తినేవాళ్లు కాదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పేదలు, పొద్దూమాపూ జొన్న గట్క, జొన్నరొట్టె, కారం. డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా ఆ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్నకీ మొక్కజొన్నకీ ఉమ్మడిగా ఉన్నది ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం, అది నయాసిన్ పనికి అడ్డు తగులుతోంది అని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత శాస్త్రజ్ఞుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. కానీ జబ్బు ఎవరికొస్తోంది, వాళ్లు తింటున్నదేమిటి అని అడిగే పద్ధతి మాత్రం గోల్డ్‌బర్గర్‌దే. ఈ సంగతి విని జొన్నని అనుమానించక్కర్లేదు. పప్పుతో, ఆకుకూరతో, గిన్నెడు మజ్జిగతో తినే జొన్నరొట్టె చక్కటి భోజనం. పప్పూ మజ్జిగా లేకపోవడమే అసలు జబ్బు. కూలిరేట్లు మెరుగై, 1983 తర్వాత కిలో రెండు రూపాయలకే ఇచ్చే బియ్యం పల్లెలకి చేరి, తిండిలో రకాలు పెరిగాక ఆ రోగులు అరుదైపోయారు.

1972లో ఈ పోషకాహార సంస్థ కేంద్రంగా పోషకాహార పర్యవేక్షణ కోసం జాతీయ స్థాయి బ్యూరో ఒకటి మొదలైంది. వాళ్ల సర్వేలో ఒక పద్ధతి ఉండేది. పరిశోధకులు ఊళ్లో ఇంటికి వెళ్లి నిన్న ఏం వండారని అడిగేవాళ్లు. అంతటితో ఆగేవాళ్లు కాదు. తమ వెంట కొలత గిన్నెలు తీసుకెళ్లేవాళ్లు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. ఇంట్లో ఒక్కొక్క మనిషి పేరు చెప్పి, నిన్న పొద్దున ఈ మనిషికి అన్నం ఏ గిన్నెడు, పప్పు ఏ గిన్నెడు, పాలు ఎన్ని అని అడిగి రాసుకునేవాళ్లు. పెద్దాయనకి, కొడుక్కి, కోడలికి, పిల్లలకి, ఎవరి లెక్క వాళ్లకి. అన్నీ అయ్యాక జవాబులు చెప్తున్న ఇల్లాలిని, అమ్మా, నువ్వెంత తిన్నావు అని కూడా అడగాల్సి ఉండేది. ఆమె జవాబు రాయడానికి ఆ కాగితంలో విడిగా వరస ఉండేది.